లాటిన్ పూజ, తెలుగు జపమాల

1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడే నాటికి తెలంగాణ కతోలిక గుళ్లలో దివ్యపూజ లాటిన్‌లోనే జరిగేది. గురువు పీఠం వైపు తిరిగి చదివేవారు, జనం మోకరిల్లి వినేవారు. ఇంట్లో జపమాల మాత్రం తెలుగులో సాగేది. ఆ ప్రార్థనలు కంఠతా నేర్పింది ఉపదేశి. ఒక్కో విచారణ కింద ఎన్నో ఊళ్లు. గురువు రాని ఆదివారాల్లో జనాన్ని కూడగట్టిందీ ఆయనే. చరిత్ర పుస్తకాల్లో బిషప్పుల పేర్లుంటాయి, ఉపదేశుల పేర్లు అరుదు.

1963 డిసెంబరు 4న వాటికన్ రెండో మహాసభ పూజలో ప్రజల భాషలకు చోటిచ్చింది. ఆ తర్వాతే తెలుగు పూజ వచ్చింది. మరి మన కోయ, గోండి, లంబాడీ ఇళ్ల మాట? అక్కడ చాలామందికి తెలుగు కూడా బడిలో నేర్చిన భాషే. వాళ్లకు తొలి ప్రార్థన ఏ మాటల్లో అందిందో మన అవ్వలనే అడగాలి.