కంపెనీ ఊరు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా 101 రోడ్డు పట్టుకుని నాలుగైదు గంటలు వెళ్తే స్కోషియా వస్తుంది. రెడ్‌వుడ్ చెట్లు చూడ్డానికి బయల్దేరిన మేము కాఫీ కోసం అక్కడ ఆగాం. వరసగా ఒకే తీరు చెక్క ఇళ్ళు కనబడేసరికి నాకు మా కాగజ్‌నగర్ క్వార్టర్లు గుర్తొచ్చాయి. మిల్లు వల్లే పేరొచ్చిన ఊళ్ళో పెరిగినవాణ్ణి. కంపెనీ ఊరంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు.

స్కోషియా, 1863లో మొదలైన పసిఫిక్ లంబర్ కంపెనీ కట్టిన ఊరు. సుమారు 270 ఇళ్ళూ కంపెనీవే, అద్దె నామమాత్రం. కార్మికుల పిల్లలు కాలేజీకెళ్తే స్కాలర్‌షిప్పు. మర్ఫీ కుటుంబం నడిపిన రోజుల్లో అడవిని ఊడ్చెయ్యకుండా, ఏరి ఏరి కొట్టేవారు. కొట్టినంతా మళ్ళీ పెరగాలని లెక్క. దయ అనుకోకండి, అదీ వ్యాపారమే. కాకపోతే తాత చేసిన మిల్లులో మనవడికీ పని మిగిల్చే వ్యాపారం.

అలా దాచిన అడవే కొంప ముంచింది. చెట్ల విలువ ఎక్కువ, షేరు ధర తక్కువ. 1985లో మాక్సామ్ అధిపతి చార్లెస్ హర్విట్జ్ జంక్ బాండ్ల అప్పుతో కంపెనీని చేజిక్కించుకున్నాడు. అప్పు తీరాలంటే చెట్లు పడాలి. నరుకుడు రెట్టింపయింది. పింఛను నిధిలో మిగులుగా తేలిన 5 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము యాజమాన్యం తీసుకుంది. పింఛన్ల బాధ్యత ఎగ్జిక్యూటివ్ లైఫ్ అనే బీమా కంపెనీకి అప్పగించారు. 1991లో అది కుప్పకూలింది.

మరి ఊరంతా తిరగబడిందా? లేదు. ఓవర్‌టైము దొరికింది, కొత్తవాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి. 1990లో 'రెడ్‌వుడ్ సమ్మర్' అంటూ పర్యావరణవాదులు వచ్చినప్పుడు, చాలామంది కార్మికులకు వాళ్ళే శత్రువుల్లా కనబడ్డారు. ఆ మిల్లులో ఉండుంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో. 1996-97 చలికాలపు వానలకు, కంపెనీ నరికిన కొండవాలు జారి పక్కనున్న స్టాఫర్డ్‌లో ఏడు ఇళ్ళు పోయాయి. 1997 డిసెంబరులో జూలియా హిల్ అనే యువతి స్టాఫర్డ్ పైనున్న కొండమీద చెట్టెక్కి 738 రోజులు దిగలేదు. ఆ చెట్టు దక్కింది. 1999లో ప్రభుత్వాలు 48 కోట్ల డాలర్లు పోసి హెడ్‌వాటర్స్ అడవిని కొన్నాయి.

2007లో కంపెనీ దివాలా తీసింది. 2008లో అడవీ మిల్లూ హంబోల్ట్ రెడ్‌వుడ్ కంపెనీ చేతికెళ్ళాయి. మళ్ళీ ఏరి కొట్టే పద్ధతే తెచ్చారు. ఊరు మాత్రం అప్పిచ్చిన సంస్థ వాటాకు పోయింది, తర్వాత ఇళ్ళు ఒక్కొక్కటిగా అమ్మకానికొచ్చాయి.

కాఫీ కొట్లో ఒక పెద్దాయన మాట కలిపాడు. మాదీ ఇలాంటి ఊరేనన్నాను.

"మీ మిల్లు నడుస్తోందా?"

2014లో మూతపడిందనీ, 2018లో వేరే కంపెనీ కొన్నదనీ చెప్పాను.

ఆయన తలూపి, "మరి ఇళ్ళో?" అనడిగాడు.