లేని సముద్రం కోసం అన్వేషణ: ఆస్ట్రేలియా అంతర్భాగ జలాలు - చారిత్రక పరిశీలన

ఆస్ట్రేలియా ఖండపు తూర్పు అంచున, ఉత్తర దక్షిణాలుగా సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున గ్రేట్ డివైడింగ్ రేంజ్ అనే పర్వతపంక్తి వ్యాపించి ఉంది. ఎత్తులో అది చెప్పుకోదగినదేమీ కాదు. అందులోని అత్యున్నతమైన కొజియస్కో శిఖరం 2,228 మీటర్లే. అయినా ఆ దేశపు జలచరిత్రను శాసించినది ఈ శ్రేణియే. దీనికి తూర్పున పుట్టిన నదులు కొద్దిదూరం ప్రవహించి పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తాయి. పడమట పుట్టినవి దగ్గరి సముద్రానికి పెడమొగమై ఖండం నడుమకు సాగుతాయి. 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆంగ్లేయ అన్వేషకులను దాదాపు మూడు దశాబ్దాలు భ్రమలో ఉంచినది ఈ పడమటి వాలే.

1813లో బ్లాక్స్‌లాండ్, లాసన్, వెంట్‌వర్త్ అనేవారు బ్లూ మౌంటెన్స్ మీదుగా దారి కనుగొన్న తరువాత, ఆవలి నదుల గమ్యం ఏమిటన్న ప్రశ్న తలెత్తింది. జాన్ ఆక్స్‌లీ 1817లో లాక్లాన్ నదిని, 1818లో మక్వారీ నదిని అనుసరించి వెళ్లాడు. రెండూ రెల్లు పెరిగిన చిత్తడి నేలల్లో అంతరించాయి. ఇంత నీరు ఎక్కడో ఒకచోట చేరి తీరాలి గనుక, తాను ఒక అంతర్భాగ సముద్రపు సమీపానికి వచ్చి ఆగిపోయానని ఆయన భావించాడు. ఈ ఊహను మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. ఐరోపా వాసి ఎరిగిన నదులన్నీ సముద్రం చేరేవే. దారిలోనే ఆవిరై ముగిసిపోయే మహానది ఆయన అనుభవంలో లేదు.

ఊహ క్రమంగా పటంగా మారింది. ఈస్టిండియా కంపెనీ కొలువునుండి విరమించిన థామస్ మాస్లెన్ అనే అధికారి 1830లో ప్రచురించిన గ్రంథంలో, ఖండం మధ్య ఒక విశాల జలరాశినీ, అక్కడినుండి వాయవ్య తీరానికి పారే పెద్ద నదినీ చిత్రించాడు. ఆయన ఆస్ట్రేలియాలో అడుగు పెట్టినవాడు కాడు.

ఈ నమ్మకానికి అందరికంటె ఎక్కువ మూల్యం చెల్లించినవాడు చార్లెస్ స్టర్ట్. ఆయన భారతదేశంలోనే, కంపెనీ న్యాయాధికారి కుమారుడుగా 1795లో జన్మించాడు. 1829 ఫిబ్రవరిలో, తీవ్రమైన అనావృష్టి కాలంలో, డార్లింగ్ నదిని చేరి దాహంతో నీరు నోట పెట్టుకుంటే అది ఉప్పగా ఉంది! ఏటి గర్భంలోని ఉప్పు ఊటలు దానికి కారణం. సముద్రం దగ్గరలోనే ఉందన్న ఆశకు మాత్రం ఆ ఉప్పదనం ఊపిరి పోసింది. మరుసటి యాత్రలో ఆయన పడవపై ముర్రంబిడ్జీ మీదుగా ముర్రే నదిలో ప్రవేశించి, 1830 ఫిబ్రవరిలో దక్షిణ తీరం చేరువన ఉన్న అలెగ్జాండ్రీనా సరస్సును చేరుకున్నాడు. దీనితో 10 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ముర్రే-డార్లింగ్ పరీవాహక ప్రాంతపు చిక్కుముడి విడింది. దారిలో డార్లింగ్ సంగమం వద్ద ఘర్షణ తప్పదనిపించినప్పుడు, ఒక మూలవాసి తనవారికి అడ్డుపడి స్టర్ట్ బృందాన్ని కాపాడాడు. నీటిజాడలు తరతరాలుగా ఎరిగిన ఆ ప్రజల జ్ఞానానికి నాటి పటాలలో చోటు దక్కలేదన్నది గమనార్హం.

అయినా ఆశ చావలేదు. 1844లో అడిలైడ్ నుండి బయలుదేరిన స్టర్ట్ ఎడారిలోకి పడవను బండిపై ఎక్కించుకొని మరీ వెళ్లాడు. వానలు లేక 1845 జనవరి నుండి జూలై వరకు డెపో గ్లెన్ అనేచోట ఒకే నీటిమడుగు వద్ద బందీ అయ్యాడు. ఎండ తాళలేక నేలలో గది తవ్వుకున్నారు. సహచరుడు జేమ్స్ పూల్ స్కర్వీ వ్యాధితో మరణించాడు. తరువాత ఎదురైనవి రాళ్లు పరచిన మైదానం, ఇసుక తిన్నెల బారులు. పడవ నీటిని చూడనే లేదు.

పశ్చిమాన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1840లో ఉప్పు సరస్సుల బురదలో చిక్కుకొని, అవి గుర్రపునాడా ఆకారంలో దారిని మూసివేశాయని నిర్ణయించాడు. వాటి మధ్య సందులున్నాయని తేలడానికి 1858 వరకు పట్టింది. ఆయన పేరు పెట్టిన ఐర్ సరస్సును నేడు అధికారికంగా కాటి తాండా-ఐర్ సరస్సు అంటున్నారు. మొదటిది స్థానిక అరబానా ప్రజల మాట. సముద్రమట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన ఉన్న ఈ పల్లానికి ఖండంలో ఆరోవంతు నేల వాలి ఉంది. కూపర్, డయామంటీనా ఏరులు ఇటే పారుతాయి. కాని ఎక్కువ ఏళ్లలో ఆ నీరు దారిలోనే ఇంకి, ఆవిరై పోతుంది. 1974లో మాత్రం సరస్సు నమోదైన చరిత్రలోకెల్లా అత్యధికంగా నిండింది. 1964లో డోనాల్డ్ క్యాంప్‌బెల్ కారు గంటకు 648 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తినది దీని ఎండిన ఉప్పుపేట మీదనే.

స్టర్ట్ వెదకిన సముద్రం ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఆయన ఆలస్యం పది కోట్ల ఏళ్లకు పైమాటే. క్రిటేషియస్ యుగపు ఆ నిస్సారమైన సముద్రం తూర్పు ఆస్ట్రేలియాలో చాలా భాగాన్ని ముంచింది. అది విడిచిన బంకమట్టి పొరలు కింది ఇసుకరాతిలోని నీటికి మూతగా ఏర్పడ్డాయి. 17 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అదే. ఈ నీరు స్వయంగా పైకి ఉబికే ఊటల వరుసే ఎడారిలో మూలవాసుల వర్తకమార్గం. 1872లో పూర్తయిన ఖండాంతర తంతి మార్గమూ, ఆ తరువాతి రైలు మార్గమూ చాలాదూరం ఆ ఊటలనే పట్టుకొని సాగాయి. బ్రిటిష్ ఇండియా వాయవ్య ప్రాంతాల నుండి, అఫ్ఘనిస్తాన్ నుండి వచ్చిన ఒంటెలవారు ఆ దారిలోనే సరుకులు మోశారు.

1878లో న్యూసౌత్‌వేల్స్‌లోని బర్క్ సమీపాన తవ్విన బోరులో నీరు దానంతటదే ఎగదన్నింది. పశుపోషకులు వేల బోర్లు వేసి, నీటిని తెరచిన కాలువలలో వదిలారు. అందులో అధికభాగం పశువుల నోటికి చేరకుండానే ఆవిరైంది. భూగర్భ పీడనం తగ్గి ఎన్నో ఊటలు ఎండిపోయాయి. 1999 నుండి ప్రభుత్వాలు ఆ పాత బోర్లకు మూతలు బిగించి, కాలువల స్థానంలో గొట్టాలు వేయించే కార్యక్రమం చేపట్టాయి.