సూరత్ పాత బజారులో చారిత్రక కట్టడాలు

మచిలీపట్నంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం 1611లో ఏర్పడింది. రెండేళ్లు తిరగకముందే జహంగీరు పాదుషా ఫర్మానా పొంది వారు పడమటి తీరాన, తాపీ నది ఒడ్డునున్న సూరత్‌లో మరొక స్థావరం నెలకొల్పారు. పందొమ్మిదవ శతాబ్దంలో రెండు రేవులూ వన్నె తగ్గాయి. అయితే సూరత్ తిరిగి కోలుకొన్నది. తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలెన్నో నేడు అక్కడి మరమగ్గాల మీద జీవిస్తున్నాయి.

పాత నగరాన్ని కాలినడకన చూడగోరేవారు చౌక్ బజారు చెంతనున్న కోట వద్ద ప్రారంభించడం ఉచితం. పోర్చుగీసుల దాడులను అరికట్టడానికి గుజరాత్ సుల్తాను మూడవ మహమూదు ఆజ్ఞపై ఖుదావంద్ ఖాన్ 1540–46 నడుమ దీనిని నిర్మించాడు. రాళ్లను ఇనుప బందులతో బిగించి, సందులలో కరిగిన సీసం పోయించాడట. ఇంత దృఢమైన కోట 1664లో నగరాన్ని మాత్రం కాపాడలేదు. శివాజీ సైన్యం వర్తకుల ఇళ్లను దోచుకొంటూ ఉండగా మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో తలదాచుకొన్నాడు. 1759లో కోట ఆంగ్లేయుల వశమైంది. 1862లో సైన్యాన్ని ఉపసంహరించి, గదులను రెవెన్యూ, పోలీసు శాఖలకు అప్పగించారు. ఇటీవలి సంవత్సరాలలో నగరపాలక సంస్థ దీనిని పునరుద్ధరించింది.

అక్కడికి కొద్ది దూరంలోని మొగలు సరాయి ఈ నడకలో ముఖ్యమైన మజిలీ. షాజహాను కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ కట్టించిన ఈ సరాయిలో బాటసారులు, ఓడలకై వేచియున్న హజ్ యాత్రికులు బస చేసేవారు. తరువాత కొంతకాలం అది కారాగారమైంది. 1867 నుండి పురపాలక కార్యాలయంగా ఉంటున్నది. యాత్రికులు విడిసిన చోట నేడు పౌరులు పన్నులు చెల్లిస్తారు. కార్యాలయ అవసరాలకై చేసిన మార్పులు కట్టడం సొగసును కొంత చెరిపివేసిన మాట నిజమే. ఆ వినియోగమే లేకపోతే అది ఈనాటికి నిలిచి ఉండేదా అన్నది సందేహమే. సమీపంలోనే కోట నిర్మాత ఖుదావంద్ ఖాన్ సమాధి ఉన్నది. ఆయన 1546లో దీవ్ యుద్ధంలో మరణించాడు.

ఐరోపా వర్తకుల గిడ్డంగులను వెదికేవారికి మాత్రం నిరాశ తప్పదు. తొలినాళ్లలో వారు నివసించినవి అద్దె ఇళ్లే. ఆపైన 1837 నాటి అగ్నిప్రమాదంలో 9,000కు పైగా ఇళ్లు భస్మమయ్యాయి. నేడు బజారులో కనిపించే పాత భవనాలలో అధికభాగం ఆ తరువాతివే. జాంపా బజారు గడియార స్తంభం 1871 నాటిది. పారసీ ప్రముఖుడు బర్జోర్జీ మెర్వాన్జీ ఫ్రేజర్ దానిని కట్టించాడు.

వర్తక వైభవం ఆనవాళ్లు చూడాలంటే బజారు దాటి ఉత్తరంగా కతార్‌గామ్ దారిలోని శ్మశానాలకు వెళ్లవలసిందే. శివాజీ దాడిలో ఆంగ్లేయుల స్థావరాన్ని కాపాడుకొన్న సర్ జార్జి ఆక్సెండెన్ 1669లో మరణించగా, సోదరుడు క్రిస్టఫర్ సరసనే సమాధి చేశారు. గుమ్మటాలతో మొగలు శైలిలో వెలసిన ఆ కట్టడాన్ని చూసినవారు నవాబు సమాధి అనుకొంటే ఆశ్చర్యం లేదు. దానిని మించాలనే డచ్చివారు వాన్ రీడ్‌కు మరింత ఘనమైన సమాధి కట్టారని చెబుతారు. 1691లో మరణించిన ఈయనే మలబారు మూలికలను చిత్రాలతో సహా వర్ణించిన 12 సంపుటాల లాటిన్ గ్రంథాన్ని వెలువరించినవాడు. ఆర్మీనియన్ల సమాధులు కూడా ఆ పరిసరాలలోనే ఉన్నాయి. ఇవన్నీ, మన బందరులోని డచ్చి సమాధుల వలెనే, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి.