దేశం మారిన కారు: రీకాల్ బాధ్యత ఎవరిది?

వాహనంలో భద్రతకు సంబంధించిన లోపం బయటపడినప్పుడు, ఆ రకం వాహనాలన్నింటినీ తయారీదారు వెనక్కి పిలిపించి ఉచితంగా సరిచేసి ఇవ్వడాన్ని రీకాల్ అంటారు. వారంటీ వేరు, రీకాల్ వేరు. వారంటీ గడువు ముగిసినా, కారు రెండో యజమాని చేతికి వచ్చినా రీకాల్ మరమ్మతు సాధారణంగా వర్తిస్తుంది. అయితే కారు తొలుత అమ్ముడైన దేశాన్ని దాటి మరో దేశంలో తిరుగుతున్నప్పుడు ఆ మరమ్మతు పొందడం సులభం కాదు.

చట్టం సరిహద్దు వద్ద ఆగుతుంది

రీకాల్‌కు ఆధారం ఆయా దేశాల చట్టాలే. అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం కింద జాతీయ రహదారి భద్రతా సంస్థ రీకాళ్లను పర్యవేక్షిస్తుంది. జపాన్‌లో ఆ పని రవాణా మంత్రిత్వ శాఖది. తయారీదారు ఆ దేశపు రిజిస్ట్రేషన్ వివరాల ఆధారంగా యజమానులకు లేఖలు పంపుతాడు. కారు ఎగుమతి కాగానే ఆ జాబితాతో దాని సంబంధం తెగిపోతుంది. కొత్త యజమాని చిరునామా కంపెనీకి తెలియదు. స్థానిక విక్రేత సైతం ఆ కారును తాము అమ్మలేదని, దాని విడిభాగాలు తమ వద్ద లేవని చెప్పే అవకాశం ఉంటుంది.

మరో చిక్కు గుర్తింపు సంఖ్యది. అనేక దేశాల్లో వాహనానికి 17 అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారైన కార్లకు అంతకంటే చిన్నదైన ఛాసిస్ సంఖ్య మాత్రమే ఉంటుంది. ఇతర దేశాల రీకాల్ వెబ్‌సైట్లలో ఆ సంఖ్యతో వెతికితే ఫలితం రాకపోవచ్చు. శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో జపాన్ నుంచి వచ్చిన వాడిన కార్లు పెద్ద సంఖ్యలో ఉన్నందున దక్షిణాసియాకు ఇది ముఖ్యమైన సమస్య.

టకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం

జపాన్‌కు చెందిన టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగులను ఉబ్బించేందుకు అమోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురైతే ఆ రసాయనం క్షీణించి, ప్రమాద సమయంలో మితిమీరిన వేగంతో మండుతుంది. అప్పుడు దాన్ని పట్టి ఉంచే లోహపు డబ్బా పగిలి, ముక్కలు కారులోని వారి మీదికి దూసుకువస్తాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు రీకాల్ పరిధిలోకి వచ్చాయి. 2017 జూన్‌లో టకాటా దివాలా రక్షణ కోరింది.

తొలి దశలో అమెరికాలో ఫ్లోరిడా, హవాయి, ప్యూర్టోరికో వంటి వేడి, తేమ అధికంగా ఉన్న ప్రాంతాలకు ప్రాధాన్యం ఇచ్చారు. చెన్నై, కొలంబో, చిట్టగాంగ్, కోస్తా ఆంధ్ర వాతావరణం కూడా అటువంటిదే. మరమ్మతు జరగని ప్రమాదకర ఎయిర్‌బ్యాగులున్న కార్లకు జపాన్ 2018 మే నుంచి తప్పనిసరి సాంకేతిక తనిఖీలో అనుమతి నిరాకరించడం ప్రారంభించింది. అప్పటికే దేశం దాటిన కార్లకు ఆ నియమం వర్తించదు.

సమాచారం పంచుకునే ఏర్పాట్లు

2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను రీకాల్ చేసింది. అంతకు ముందే ఫోర్డ్ సంస్థ సౌదీ అరేబియా, వెనిజులా తదితర దేశాల్లో ఆ టైర్లను మార్చడం మొదలుపెట్టిందని వెల్లడై తీవ్ర విమర్శలు వచ్చాయి. ఫలితంగా అదే ఏడాది నవంబరులో వచ్చిన చట్టం, విదేశాల్లో చేపట్టిన రీకాళ్లను 5 పనిదినాల్లోగా అమెరికా ప్రభుత్వానికి తెలపాలని తయారీదారులను ఆదేశించింది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2012లో ఉమ్మడి రీకాల్ పోర్టల్‌ను ప్రారంభించింది.

కెనడా మరో మార్గం ఎంచుకుంది. అమెరికా నుంచి శాశ్వతంగా తీసుకువచ్చే కారుకు పెండింగ్ రీకాల్ ఏదీ లేదని రుజువు చూపాలి. అమెరికాలో ఉద్యోగం చేసి కెనడాకు మారే తెలుగువారు ఈ పత్రాన్ని సరిహద్దు దాటక ముందే తయారీదారు నుంచి పొందడం మేలు.

భారతదేశంలో పరిస్థితి

2012లో వాహన పరిశ్రమ స్వచ్ఛంద రీకాల్ నియమావళిని అమలులోకి తెచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110ఎ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఆదేశాన్ని పాటించని తయారీదారు లేదా దిగుమతిదారుకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా పడుతుంది. అయితే ఈ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకే పరిమితం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం మరో ఆసరా. ఉత్పత్తిదారు భారత చట్ట పరిధిలో లేకపోయినా, అతనికి నోటీసు అందజేయడం సాధ్యం కాకపోయినా, లోపభూయిష్ట వస్తువు కలిగించిన హానికి దాన్ని అమ్మినవారిని బాధ్యులను చేయవచ్చు. వ్యాపారరీత్యా దిగుమతి చేసేవారు కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. యజమాని స్వయంగా తెచ్చుకున్న కారుకు మాత్రం అటువంటి మధ్యవర్తి ఉండడు.

యజమాని చేయవలసినవి

మొదట ఛాసిస్ సంఖ్యను నమోదు పత్రంతో సరిపోల్చుకుని, కారు తొలుత అమ్ముడైన దేశపు రీకాల్ వెబ్‌సైట్‌లో చూడాలి. రీకాల్ ఉన్నట్లయితే దాని సంఖ్య, తేదీ, లోపం వివరాలతో ఇక్కడి అనుబంధ సంస్థకు, విదేశంలోని ప్రధాన కార్యాలయానికి ఏకకాలంలో లేఖ రాయాలి. మరమ్మతు ఎక్కడ, ఎప్పటిలోగా చేస్తారో లిఖితపూర్వకంగా అడగాలి. నిరాకరించినా ఆ సమాధానాన్ని భద్రపరచాలి, తదుపరి ఫిర్యాదుకు అదే ప్రధాన ఆధారం. భారత్‌లో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఇందుకు సాధారణ గడువు వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు.

వాడిన దిగుమతి కారు కొనేవారు బేరం కుదరక ముందే ఈ పరిశీలన జరపడం ఉత్తమం. రీకాల్ మరమ్మతు పూర్తయిందనే పత్రాన్ని అమ్మకందారు నుంచి కోరాలి. ఎయిర్‌బ్యాగ్ లోపం బయటికి కనిపించదు, నడుపుతున్నప్పుడు తెలియదు. ప్రమాదానికి ముందు దాన్ని పసిగట్టేందుకు సామాన్య యజమానికి ఉన్న మార్గం ఆ సంఖ్యను సరిచూసుకోవడమే.