కన్నీళ్లకు వచ్చిన గిరాకీ

దిల్లీ మాళవీయ నగర్‌లో 2020 డిసెంబర్‌లో ఒక హోటల్ తెరుచుకుంది. 2021 ఫిబ్రవరికల్లా మూతబడింది. ఒక్క చలికాలమే దాని ఆయుష్షు. తెరిచిన రోజున దాని యజమానిని గుర్తుపట్టని వాళ్లు దేశంలో తక్కువ. మూసిన రోజున లోపల బల్లల ముందు కూర్చున్నవాళ్లు అంతకన్నా తక్కువ. ఇంతమందికి తెలిసిన మనిషి ఇంత ఒంటరిగా ఎలా ఓడిపోయాడన్నదే ఈ కథ.

అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1990లో, ఆయన భార్యతో కలిసి అదే పేటలో రోడ్డు పక్కన ఒక చిన్న కొట్టు పెట్టుకున్నాడు. బాబా కా ధాబా. పొద్దున్నే లేచి ఇద్దరూ పప్పు ఉడికించేవాళ్లు, అన్నం వండేవాళ్లు, పరాఠాలు కాల్చేవాళ్లు, మటర్ పనీర్ చేసేవాళ్లు. యాభై రూపాయల లోపే కడుపు నిండేది. ఆ దారిన పోయే నలుగురూ తిన్నారు, ఆ నలుగురే మళ్లీ వచ్చారు. కొట్టు పెరగలేదు, అలాగని ఆరిపోనూ లేదు. ముప్పై ఏళ్లు దాన్ని నిలబెట్టింది ఆ మళ్లీ రావడమే.

2020లో కరోనా వచ్చి ఆ దారిన నడిచే కాళ్లను ఆపేసింది. వండినది వండినట్టే మిగిలిపోయే రోజులు మొదలయ్యాయి. అక్టోబర్‌లో ఒక యువ యూట్యూబర్ ఆ కొట్టు దగ్గర ఆగాడు. ఇవాళ ఎంత వచ్చింది బాబా అని అడిగాడు. ఎనభై ఏళ్ల మనిషి కొన్ని పది రూపాయల నోట్లు తీసి చూపించబోయి, మాట రాక ఏడ్చేశాడు.

ఆ ఏడుపు వీడియోగా అక్టోబర్ 7న ట్విట్టర్‌కెక్కింది. సినిమా తారలు పంచుకున్నారు, క్రికెటర్లు పంచుకున్నారు. మర్నాడు ఆ కొట్టు ముందు బారులు తీరిన జనం. ఎమ్మెల్యే వచ్చాడు, టీవీ కెమెరాలు వచ్చాయి, జొమాటో తన జాబితాలో చేర్చుకుంది. గిన్నెలు ఖాళీ. నిన్నటి దాకా ఏడ్చిన ముసలి కళ్లు ఆ రోజు నవ్వాయి. ఆ నవ్వును తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ బాధ.

ఎందుకంటే ఆ బారులో నిలబడ్డవాళ్లలో చాలామంది ఆకలితో వచ్చినవాళ్లు కాదు. మంచి మనసుతో వచ్చారు. పళ్లెం పట్టుకున్నారు, సెల్ఫీ దిగారు, చిల్లర వద్దన్నారు, వెళ్లిపోయారు. తిన్న కూర బాగుందా, కారం ఎక్కువైందా అని ఎవరూ చెప్పలేదు. జాలితో వచ్చిన మనిషి పని ఒక్కసారి రావడంతోనే అయిపోతుంది. రెండోసారి రప్పించాల్సింది కూర. ఆ వారాల్లోనే ఎవరైనా నింపాదిగా కూర్చుని, బాబా, ఈ జనం నీ కన్నీళ్లకు వచ్చారు, వీళ్లలో పది మందిని నీ పప్పుకు అలవాటు చెయ్యి అని చెప్పి ఉంటే! చుట్టుపక్కల ఇళ్లకు రోజూ క్యారియర్లు కట్టించి ఉంటే! ఆ కొట్టుకే నాలుగు బెంచీలు వేయించి ఉంటే!

చెప్పేవాళ్లకు కొదవ లేదు, చెప్పింది మాత్రం వేరు: హోటల్ పెట్టమని. ఈలోపు విరాళాల డబ్బు వచ్చింది, పాత అప్పులు తీరాయి. డబ్బు వెంట అనుమానమూ వచ్చింది. తనకు చేరాల్సిన విరాళాలు పూర్తిగా చేరలేదని, ఏ కుర్రాడి వల్ల లోకం తన వైపు చూసిందో ఆ కుర్రాడి మీదే పెద్దాయన పోలీసులకు ఫిర్యాదు చేశాడు. తాను తప్పు చేయలేదన్నాడు అతను. మొన్న ఆయన కోసం ఏడ్చినవాళ్లే ఇప్పుడు తీర్పులు చెప్పారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని లెక్క చూసుకునే ఒక్క సాయంత్రం దొరికి ఉంటే, అది అక్కడితో తీరేదేమో. దొరకలేదు.

అప్పుడు తెరిచారు హోటల్. అయిదు లక్షలు పెట్టుబడి. కుర్చీలు, వంట యంత్రాలు, పనివాళ్లు. ఆయనే తర్వాత పత్రికలకు చెప్పిన లెక్క ఇది: అద్దె 35 వేలు, ముగ్గురి జీతాలు 36 వేలు, కరెంటూ నీళ్లూ సరుకులూ కలిపితే నెల ఖర్చు లక్షకు దగ్గర. అమ్మకం ఏ నెలా 40 వేలు దాటలేదు. లక్షల మంది చూసిన వీడియో అద్దె కట్టదు. రోడ్డు పక్కన ముసలాయన చేతి పరాఠా కోసం వచ్చినవాళ్లకు కుర్చీలున్న హోటళ్లు ఊరినిండా ఉన్నాయి. మొదటి నెల లెక్క చూసిన రోజే ఆగి ఉండొచ్చు. కానీ అన్ని కళ్ల ముందు తెరిచిన తలుపును అంత తొందరగా మూయడానికి ఏ మనిషికి చేతులొస్తాయి?

మూసేశాక సామాను అమ్మితే వచ్చింది 36 వేలు. దంపతులు పాత కొట్టుకే తిరిగొచ్చారు. ఏప్రిల్‌లో రెండో విడత కరోనా, మళ్లీ లాక్‌డౌన్. రోజుకు మూడున్నర వేలున్న అమ్మకం వెయ్యికి పడింది. జూన్‌లో పెద్దాయన చేతులు జోడించి ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాడు. అతను వచ్చి ఆయన్ను కలిశాడు. ఈ కథలో చెడిపోయి మళ్లీ బాగుపడ్డది బహుశా అదొక్కటే.

ఇందులో దుర్మార్గుడు ఎవరని వెతికితే ఎవరూ దొరకరు. వీడియో తీసినవాడిది దయ, పంచుకున్నవాళ్లది దయ, బారులో నిలబడ్డవాళ్లది దయ. ఆ దయంతా ఒకే వారంలో వచ్చి పడింది. చిన్న వ్యాపారానికి కావలసింది మాత్రం ఏడాది పొడవునా రోజుకింత వచ్చే బేరం. కష్టంలో ఉన్న కొట్టును ఫోనులో చూసి గుండె కరిగిన ప్రతివాడూ మొదటిసారి వెళ్లడం మంచిదే. మూడో నెలలో, ఎవరూ వీడియో తీయని ఒక మంగళవారం, ఆకలేసి మళ్లీ వెళ్లినవాడే ఆ కొట్టుకు నిజమైన గిరాకీ.