నాఖుదా పడవ, గవ్వాస్ కర్జ్

దుబాయ్‌లో నౌకరీ చేసే రోజుల్లో ఒక జుమా మధ్యాహ్నం అల్ ఫహీదీ ఖిలాకు వెళ్లాను. 1787లో పగడపు రాళ్లతో కట్టిన ఖిలా. 1971లో దాన్నే మ్యూజియం చేశారు. సహన్‌లో పాత చెక్క పడవలు కనిపించాయి. తాకాలనిపించే టేకు. ఆ ఎడారిలో టేకు ఎక్కడిది? మన మలబార్‌ది! ఖలీజ్ పడవలకు కలప సదియోంగా హిందుస్తాన్ నుంచే వెళ్లింది.

పాతకాలంలో ఆ పడవలకు మేకులు కూడా ఉండేవి కావు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన ఓడ రాతికి తగిలితే పగిలిపోతుంది, కుట్టినది కాస్త వంగి తట్టుకుంటుంది అని ఇబ్న్ బతూతా రాశాడు. మన కోరమండల్ తీరంలో అలల మీద నడిచిన మసూలా పడవలదీ అదే హునర్. ఖురాన్‌లోని సూరె ఖమర్‌లో నూహ్ అలైహిస్సలాం కిష్తీ ప్రస్తావనలో పలకలతో పాటు ‘దుసుర్’ అనే మాట వస్తుంది. చాలామంది ముఫస్సిర్లు మేకులన్నారు, కొందరు పీచు తాళ్లన్నారు. కుట్టిన పడవ సంగతి తెలిశాక ఆ రెండో మాట నాకు వింతగా అనిపించలేదు.

లోపల చేపల బోను, గర్గూర్. గుమ్మటంలా ఉంటుంది. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. ఒకప్పుడు ఖజూర్ మట్టలతో అల్లేవారు, తర్వాత ఇనుప తీగ వచ్చింది.

నా కాళ్లు ఆగింది మాత్రం ముత్యాల గవ్వాస్ సామాను దగ్గర. మెడకు బుట్ట, కాలికి బరువు రాయి, ముక్కు మూసే చిన్న క్లిప్. అంతే! వేసవి నాలుగు నెలలూ ఆ క్లిప్‌తోనే దూకేవారు, పైనున్న సాథీ తాడు లాగేవాడు.

నాఖుదా మాట షాయరీలో విననివాళ్లు మన ఇళ్లలో తక్కువే. ఫార్సీలో నావ్ అంటే పడవ, ఖుదా అంటే మాలిక్. షాయర్లు అతణ్ని దరి చేర్చేవాడంటారు. ఇక్కడ గవ్వాస్ ఇంటి ఖర్చుకు ముందే అడ్వాన్సు తీసుకునేది అతని దగ్గరే. సీజన్ బాగా లేకపోతే కర్జ్ వచ్చే ఏడాదికి పెరిగేది. బాప్ చనిపోతే చాలాచోట్ల బేటా మీదికి వచ్చేది. 1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు, దానికి తోడు దునియా అంతటా మందగమనం, ఆ బజార్‌ను కూల్చేశాయి. తేల్ వచ్చింది ఆ తర్వాతే.

ఖలీజ్ వాళ్లు పుట్టుకతోనే అమీర్లని మన పిల్లలు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నా వీసాకు అబ్బా తెచ్చిన కర్జ్ అప్పటికింకా సగమే తీరింది. అస్ర్ అజాన్ దాకా ఆ క్లిప్ ముందే నిలబడ్డాను.