క్లోమ కంతుల అంచనాలో ఎంఆర్‌ఐ: అయస్కాంత బలమా, చిత్రణ వేగమా?

క్లోమ గ్రంథి కంతులను శస్త్రచికిత్సకు ముందు అంచనా వేయడంలో ఎంఆర్‌ఐ ఎదిగిన తీరును సాధారణంగా ఒకే కథగా చెబుతుంటారు: అయస్కాంత బలం పెరిగింది, చిత్రం తేటపడింది, సీటీ స్కాన్ వెనకబడింది. ఈ కథనం సాక్ష్యాలకు పూర్తిగా నిలవదు.

తొలి దశలు తెలిసినవే. క్లోమ శిరోభాగాన్ని తొలగించే శస్త్రచికిత్సను 1935లో అలెన్ విపుల్ వివరించాడు. అయస్కాంత అనునాదంతో చిత్రాలు తీయవచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ నిరూపించాడు.

అసలు మలుపు వేగంలో ఉంది. క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు లోతుగా ఉండి, ఊపిరితోపాటు కదులుతుంది గనుక, నిమిషాలకొద్దీ సాగే పాత స్కానులో చిత్రం మసకబారేది. పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో ప్రతిపాదించిన శీఘ్ర చిత్రణ, 1986లో యుర్గెన్ హెన్నిగ్ రూపొందించిన మరో వేగవంతమైన పద్ధతి క్రమంగా పొట్ట స్కానులకు అన్వయమై, రోగి ఒక్కసారి ఊపిరి బిగపట్టేలోగా చిత్రం పూర్తి చేసే వీలు కల్పించాయి. 1991లో వెలువడిన ఎంఆర్‌సీపీ, అంటే నిలకడగా ఉన్న ద్రవాన్ని తెల్లగా చూపి పైత్యరస, క్లోమ నాళాలను గొట్టం వేయకుండానే చిత్రించే పద్ధతి, ఈ వేగం అందివచ్చాకే స్థిరపడింది. అయస్కాంత బలానికి విలువ లేదని దీని అర్థం కాదు. అయితే పొట్టలో నీరు చేరిన రోగులకు అధిక అయస్కాంత బలమున్న 3 టెస్లా యంత్రంలో చిత్రంపై నల్లని నీడలు పడవచ్చు.

ఎంఆర్‌ఐలో నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ చిత్రణ కాలేయానికి పాకిన చిన్న మచ్చలను పట్టడంలో తరచు సీటీని మించుతుంది. సీటీలో చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోయే కంతులనూ ఎంఆర్‌ఐ బయటపెట్టగలదు. కంతి ప్రధాన రక్తనాళాన్ని సగం చుట్టుకొలతకు మించి తాకిందా అన్న ప్రశ్నకు మాత్రం రెండింటి జవాబూ దాదాపు సమానమే.

దక్షిణ భారతానికి మరో చిక్కు ఉంది. ఇక్కడ కనిపించే ఉష్ణమండల క్లోమశోథలో, అంటే క్లోమంలో రాళ్లు చేరే దీర్ఘకాలిక వాపులో, స్పింక్-1 జన్యుమార్పుల పాత్రను హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పరిశోధకులు 2002లో చూపారు. ఈ రోగులకు క్యాన్సర్ ముప్పు ఎక్కువ. గడ్డలా ఏర్పడిన వాపు డిఫ్యూజన్‌లో క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. రాళ్లు సీటీలోనే స్పష్టంగా తెలుస్తాయి. కనుక ఈ నేలపై సీటీని పక్కనపెట్టే వాదన నిలవదు.

నేటి ఆచరణలో అసలు లోపం యంత్రాల్లో కాక వరుసక్రమంలో ఉంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పంట తెచ్చే రైతుకు క్లోమ కంతి వల్ల కామెర్లు వస్తే, ముందుగా పైత్యరస నాళంలో స్టెంట్ వేసి, ఆ తర్వాత స్కాన్ చేస్తే, స్టెంట్ వల్ల కలిగే వాపు, చిత్రదోషాలు కంతి అంచులను కప్పేస్తాయి. అత్యవసరం కానప్పుడు స్కాన్ ముందు, స్టెంట్ తర్వాత అన్న నియమం ప్రతి ఆసుపత్రిలోనూ పాటించవలసిందే.